ఎదురింటి వాళ్ళ కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని గొడవ రాకుండా ఎట్టా చెప్పాలి?

పెన్నాగట్టు (వేదాయపాళెం, నెల్లూరు)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి. మా ఎదురింట్లో ఒక ఆడకుక్క ఉంది, నాటుదే, గోధుమ రంగు, ఎవర్నీ కరవదు, మా పిల్లలు దాని మీద పడి ఆడుకుంటారు. ఆ ఇంటామెను నేను వదినా అని పిలుస్తాను, ఆమె కూడా నన్ను సొంత ఆడబిడ్డలాగే చూసుకుంటుంది, చేపల పులుసు చేస్తే ముందు మా ఇంటికే గిన్నె వస్తుంది. ఇబ్బంది ఏందంటే ఆ కుక్క ప్రతి ఏడూ ఈనుతుంది, ఒక్కో ఏడు రెండుసార్లు. పిల్లలు కళ్ళు తెరిచి రోడ్డెక్కేసరికి సగం బండ్ల కింద పడతాయి, కొన్ని వాంతులు, నెత్తురు విరేచనాలతో పోతాయి, బతికిన వాటిల్లో ఆడవాటిని ఎవరూ తీసుకోరు. వదినకూ బాధే, పిల్ల చచ్చిపోయిన రోజు అన్నం తినదు. కానీ ఆపరేషన్ మాట ఎత్తితే "నోరు లేని జీవి, దాని కడుపు కోయించేదేంది" అంటుంది. అన్నయ్య అయితే "మా కుక్క సంగతి మేం చూసుకుంటాంలే అమ్మా" అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు. చిత్తకార్తె దగ్గర పడుతోంది, అప్పుడు వీధిలో కుక్కలన్నీ వాళ్ళ గేటు ముందే ఉంటాయి. స్నేహం చెడకూడదు, పని జరగాలి. ఎవరైనా ఇట్టాంటిది దాటి వచ్చారా?

కావలి_కుర్రోడు

అక్కా, కార్పొరేషన్‌కి ఫోన్ చేసి బండి పిలిపించండి. మాటతో వినని వాళ్ళకి ఇంకేం దారి ఉంది. మా వీధిలో అయితే రాత్రి బండి మీద పోవాలంటే భయంగా ఉంది, ఎంతమందికని నచ్చజెప్తాం?

ఒంగోలు_లాయర్‌పేట

తమ్ముడూ, నీ భయం అర్థమైంది, కానీ ఈ విషయంలో అది పనికిరాదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కార్పొరేషనో మునిసిపాలిటీయో ఆపరేషన్ చేయించాల్సింది వీధి కుక్కలకు. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవిని కొంచెం కత్తిరించి మళ్ళీ పట్టుకున్న చోటే వదలాలి. పెంపుడు జంతువుకైతే టీకా, నట్టల మందు, ఆపరేషన్ మూడూ యజమాని బాధ్యతే అని అందులోనే రాసి ఉంది. కాబట్టి ఎదురింటి కుక్కను బండి ఎక్కించడం అయ్యే పని కాదు, అయినా ఫోన్ చేసింది ఎవరో సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది, ఇంక ఆ వదినకూ ఈ ఆడబిడ్డకూ ఏళ్ళ తరబడి మాటలుండవు.

మా అపార్ట్‌మెంట్‌లో ఇదే జరిగింది. కింద ఫ్లాట్ వాళ్ళ కుక్క ఈనుతోందని అసోసియేషన్ వాళ్ళు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు, ఫ్లాట్ నంబరుతో సహా. ఆ ఇంటాయన కాగితం చించేసి, "ఇప్పుడు అసలు చేయించను, ఏం చేస్తారో చేసుకోండి" అన్నాడు. నలుగురిలో పరువు పోయిందనుకున్న మనిషికి ఎంత మంచి మాటైనా చెవికెక్కదు. తర్వాత మా ఆవిడ వాళ్ళింటికి పోయి, పిల్లల మాట ఎత్తకుండా తల్లి గురించి మాత్రమే అడిగింది. దానికెన్నేళ్ళు, ఈనిన తర్వాత ఎముకలు తేలిందే, డాక్టరుకు చూపించారా అని. ఆ ఇంటామె గంటసేపు చెప్పుకుంది. ఆ నెలాఖరుకు ఆపరేషన్ అయింది.

పెన్నాగట్టు గారూ, మీరు "పిల్లలు ఎక్కువైపోతున్నాయి" అన్నప్పుడల్లా వాళ్ళకు "మీ వల్ల మాకు ఇబ్బంది" అని వినపడుతుంది. ఆ మాట మానేసి కుక్క ఆరోగ్యం దగ్గర మొదలుపెట్టండి. ఇంకొకటి, అన్నయ్య ఎదురుగా వదినను అడగొద్దు, వదిన ఎదురుగా అన్నయ్యనూ అడగొద్దు. ఇద్దరూ ఉంటే ఒకరి ముందు ఒకరు మెత్తబడరు.

చీమకుర్తి_పశువైద్యం

నేను పశువైద్యశాలలో పనిచేస్తాను, డాక్టర్ని కాదు, డాక్టరు గారి పక్కన ఉండి ఇవన్నీ రోజూ చూసేవాడిని. పై అన్న చెప్పింది సరైన దారి. ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే మీ దగ్గర విషయం ఉండాలి కదా, అందుకే రాస్తున్నాను.

ఆడకుక్క సుమారు ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది, చూలు 63 రోజులు. చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో మొదలవుతుంది, అప్పుడు కట్టిన కుక్క డిసెంబరులో ఈనుతుంది. అంటే పిల్లలు పుట్టేదే చలికాలంలో, వాన తుఫాన్లు కూడా మనకు అప్పటిదాకా ఉంటాయి. పాలు మానే వయసులో తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోతుంది, టీకా ఉండదు, సరిగ్గా అప్పుడే పార్వో అనే వైరస్ జబ్బు తగులుకుంటుంది. మీరు చెప్పిన నెత్తురు విరేచనాలు చాలావరకు అదే అయ్యుంటుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది, కాబట్టి అదే గేటు దగ్గర పుట్టే తర్వాతి ఈత పిల్లలకూ అంటుకుంటుంది. ఇది మీ వదినకు తెలియకపోవచ్చు. "పిల్లలు చచ్చిపోవడం నీ తప్పు కాదు వదినా, ఆ నేలలోనే జబ్బు ఉంది" అని చెప్తే ఆమెకు కొంత బరువు దిగుతుంది, మీ మాట వినే మనసూ వస్తుంది.

ఇంక తల్లి సంగతి. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పడుతుంది, పయోమెట్రా అంటారు. ఎద అయిన నెలా రెండు నెలలకు తిండి మానేసి, విపరీతంగా నీళ్ళు తాగుతూ, నీరసంగా పడి ఉంటుంది. అప్పుడు చేసేది కూడా ఇదే ఆపరేషన్, కాకపోతే ప్రాణం మీదికొచ్చాక చేస్తారు, ఖర్చూ ఎక్కువ, బతుకుతుందన్న భరోసా తక్కువ. వీధి మగకుక్కలతో కలిసినప్పుడు అంటుకునే గడ్డ ఇంకొకటి ఉంది, టీవీటీ అంటారు, మన ఊళ్ళల్లో చాలా ఎక్కువ. మూత్రం పోసే చోట నెత్తురు చుక్కలు కారుతుంటే ఎద అనుకుని వదిలేస్తారు. అది విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లకు తగ్గుతుంది గానీ వారం వారం ఎక్కించాలి. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ అయితే రొమ్ముల్లో గడ్డలు వచ్చే అవకాశం బాగా తగ్గిపోతుంది. మీ వదిన వాళ్ళ కుక్కకు ఆ సమయం దాటిపోయింది, అయినా చీము పట్టే భయం, టీవీటీ అంటుకునే భయం ఎక్కువ భాగం పోతాయి, అదేం చిన్న లాభం కాదు.

ఒక్క విషయం మటుకు గట్టిగా చెప్తున్నాను. ఆపరేషన్ ఎందుకులే, పిల్లలు పుట్టకుండా సూది వేయించేద్దాం అనే వాళ్ళున్నారు. ఆ హార్మోన్ సూదుల వల్లే గర్భసంచి చెడి చీము పట్టిన కుక్కల్ని చూస్తున్నాం. చవక అని అటు పోవద్దు.

మూలాపేట_మాస్టారు

నేను కొంచెం వేరే మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మా ఇంట్లో పెద్దవాళ్ళు దత్తాత్రేయుడి పటంలో కుక్కల్ని చూపించి, వాటికి హాని చేయకూడదని పెంచారు. ఆడజన్మ ఎత్తాక ఒక్కసారైనా తల్లి కావాలి కదా, ఆ సుఖం కూడా లేకుండా చేయడం మనకు తగునా? ఎదురింటామె భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయలేం. ఆమెది దయే.

పెన్నాగట్టు

మాస్టారూ, మా వదినది దయేనని నాకూ తెలుసు, అందుకే ఇంత ఆలోచిస్తున్నాను. ఎవరైనా ఈ "ఒక్క కాన్పు" మాటకు జవాబు చెప్పండి, ఆమె కూడా ఇదే అంటుంది.

చీమకుర్తి_పశువైద్యం

మాస్టారు గారూ, గౌరవంతోనే చెప్తున్నాను. ఒక్క ఈత అయితే కుక్కకు ఆరోగ్యమనేది నిజం కాదు, వైద్యం ప్రకారం దానివల్ల ఏ లాభమూ లేదు. కుక్కకు ఎద అనేది ఒంట్లో హార్మోను తెచ్చే తిప్పలు, అది ఎదురుచూసే సంబరం కాదు. పిల్లలు పుట్టాక వాటిని ప్రేమిస్తుంది, నిజమే, మరి ఆ పిల్లలు ఒక్కొక్కటీ కళ్ళ ముందు పోతుంటే అది పడే బాధ కూడా అంతే నిజం కదండీ.

కనిగిరి_రైతు

మాస్టారు గారి మాటకు నాదొక మాట. మా నాయన కాలం నుంచి కోడెలకు విత్తులు కొట్టిస్తూనే ఉన్నాం. ఒంగోలు జాతి గిత్త అంటే మాకు దేవుడితో సమానం, దాన్నే పండక్కి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతాం, అదే చేత్తో అరకకు కట్టే కోడెకు విత్తులు కొట్టిస్తాం. అది పాపమని ఎవరూ అనుకోలేదు. పూర్వం అది మత్తు లేకుండా చేసేవాళ్ళు, ఆ బాధ నేను చూశాను. కుక్కకు ఇప్పుడు మత్తిచ్చి, నొప్పి తగ్గే సూదులిచ్చి చేస్తున్నారు. మా పల్లెలో పెద్దాయనలకు ఈ మాటే చెప్తాను, వెంటనే అర్థమవుతుంది. పట్నంలో వాళ్ళకు ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోండి.

కాపలా సంగతి కూడా అడుగుతారు మగవాళ్ళు. మా చేలో ఉన్న కుక్కకు ఆపరేషన్ అయింది, పందులొస్తే మొరిగేది ఇప్పటికీ అదే ముందు. పైగా కార్తెలో చేను వదిలి ఊళ్ళ మీద పడి తిరగడం లేదు.

బుచ్చి_వదిన (బుచ్చిరెడ్డిపాళెం)

కుక్కల గురించే రాస్తున్నారు, పిల్లుల సంగతి కూడా అనుకోండి తల్లీ. మా వెనకింటి వాళ్ళది బియ్యం మిల్లు, ఎలుకల కోసం పిల్లుల్ని పెట్టుకున్నారు. పిల్లి అయిదు నెలలకే కడుపుతో ఉంటుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ చూలు నిలుస్తుంది. ఏడాదికి రెండు మూడు ఈతలు. ఏడిళ్ళు తిప్పుతుందంటారే, ఆ ఏడిళ్ళలో మాదీ ఒకటి, మా అటక మీద పెట్టి పోతుంది.

ఆ మిల్లు ఆయన భయం ఒక్కటే, ఆపరేషన్ చేయిస్తే ఎలుకల్ని పట్టదని. డాక్టరమ్మ చెప్పిందాకా నమ్మలేదు. వేట ఆకలితోనూ అలవాటుతోనూ వచ్చేది, గర్భసంచితో సంబంధం లేదు అంది ఆమె. నేను చేసిందల్లా పిల్లిని పట్టడం. అసలు కష్టం అదే, మిల్లు పిల్లి చేతికి చిక్కదు కదా. రెండు రోజులు ఎండుచేప ఒకే చోట పెట్టి, మూడోనాడు ఆ చేప బోనులో పెట్టాను. వాళ్ళకు తీరికా లేదు, ఓపికా లేదు. ఆటో ఖర్చు మాత్రం వాళ్ళనే పెట్టుకోమన్నాను, ఎందుకంటే మొత్తం మనమే చేస్తే అది వాళ్ళ పిల్లి కాకుండా పోతుంది, రేపు కుట్టు దగ్గర చీము పట్టినా "మీరే కదా చేయించారు" అంటారు.

ఒంగోలు_లాయర్‌పేట

ఆ చివరి మాట చాలా ముఖ్యం వదినా. పెద్ద ఖర్చు మనం పెట్టుకున్నా నిర్ణయం వాళ్ళదిగానే ఉండాలి, ఆసుపత్రి కాగితం మీద సంతకం వాళ్ళదే ఉండాలి.

సింగరాయకొండ_టీచర్

నాకు పనికొచ్చిన దారి చెప్తాను. మనం చెప్పడం మానేసి డాక్టరు చేత చెప్పించడం. జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల గురించి చెప్పే రోజు, 1885లో లూయీ పాశ్చర్ ఒక పిల్లాడికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చిన రోజు. ఆ రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. మా వీధిలో కుక్కలున్న ఇళ్ళకు పోయి "రేపు ఉచితంగా టీకా వేస్తున్నారంట, అందరం కలిసి పోదామా" అన్నాను, ఆపరేషన్ ఊసే ఎత్తలేదు. ఉచితమంటే ఎవరు కాదంటారు, మా అత్తయ్య వరసామె కూడా వచ్చింది. అక్కడ డాక్టరు గారు కుక్కను చూసి, రొమ్ము దగ్గర చేయి పెట్టి, "ఎన్ని ఈతలమ్మా, ఇంక చాలు, దీనికి ఆపరేషన్ చేయించు" అన్నారు. నేను ఏడాది పొడుగునా చెప్పినా అంత పని జరగదు. తెల్లకోటు మాటకు మన ఊళ్ళల్లో ఉన్న విలువ వేరు.

జులై పోయిందని ఆగొద్దు. టీకా ఏడాదికోసారి వేయించాలి కాబట్టి, మా బుజ్జిగాడికి టీకా టైమైంది, మీదాన్ని కూడా తీసుకుపోదామా అంటే ఎప్పుడైనా కుదురుతుంది.

దగదర్తి_అబ్బాయి

ఖర్చు ఎంత అవుతుందో కూడా ఎవరైనా చెప్పండి. మా పక్కింటాయన ఆటో నడుపుతాడు, మనసుంది గానీ డబ్బు దగ్గర ఆగిపోతున్నాడు, ఆ మాట బయటికి చెప్పుకోలేక "దేవుడిచ్చింది" అంటాడు.

చీమకుర్తి_పశువైద్యం

ఊరిని బట్టి, కుక్క బరువును బట్టి, ఆడదా మగదా అన్నదాన్ని బట్టి మారుతుంది, అందుకని అంకె రాయను. మగదానికి తక్కువ, ఆడదానికి పొట్ట తెరవాలి కాబట్టి ఎక్కువ. ముందు ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారిని అడగమనండి, చాలాచోట్ల మందులూ కుట్టు దారమూ బయట తెచ్చుకుంటే చేస్తారు. కానీ మీరు గమనించింది చాలా మంచి విషయం. దేవుడి మాట వెనక డబ్బు ఇబ్బంది ఉందేమోనని ఎవరూ అనుకోరు. అతన్ని నేరుగా "డబ్బు నేనిస్తా" అనొద్దు, చిన్నతనంగా ఉంటుంది. "మన వీధిలో నలుగురం తలా కొంత వేసుకుంటున్నాం, నువ్వు నీ ఆటోలో కుక్కల్ని తీసుకుపోతే చాలు" అనండి.

దగదర్తి_అబ్బాయి

ఇది బాగుందన్నా. అట్నే అడుగుతా.

పెన్నాగట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మధ్యాహ్నం అన్నయ్య డ్యూటీకి పోయాక వదిన దగ్గర కూర్చున్నాను. మీరు చెప్పినట్టే పిల్లల మాట ఎత్తకుండా, దీనికి ఒళ్ళు తగ్గింది వదినా, ఎప్పుడైనా చూపించారా అన్నాను. అంతే, చెప్పుకొచ్చింది. వాళ్ళ చెల్లెలు గూడూరులో కుక్కకు ఆపరేషన్ చేయిస్తే అది మత్తులోనే పోయిందంట. అది వదిన కళ్ళతో చూసింది. ఇంకొకటి, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, కుట్లు ఆరేదాకా కుక్కను పట్టుకుని ఉండటం ఎవరు చేస్తారని. కడుపు కోయించడం పాపమన్నది పైకి చెప్పే మాట, లోపల ఉన్నది ఈ రెండూ. మేం ఎదురుబొదురుగా ఇన్నేళ్ళు ఉన్నాం, ఈ సంగతి ఆమె నోటి నుంచి రావడం ఇదే మొదలు.

మత్తు గురించి ఏం చెప్పాలో చెప్పండి. చూసుకునే పని నేను ఒప్పుకున్నాను, మా వరండాలో పెట్టుకుంటానని.

చీమకుర్తి_పశువైద్యం

మంచి పని చేశావమ్మా. మత్తులో ప్రమాదం అసలే ఉండదని చెప్పొద్దు, ఆమె కళ్ళతో చూసింది కాబట్టి నమ్మదు. ప్రమాదం తగ్గించడానికి ముందు ఏం చేస్తారో చెప్పండి. రక్తపరీక్ష చేయించాలి. మన ఎండలకు కుక్కలకు పిడుదులు ఎక్కువ, పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అది చూసుకోకుండా కోస్తే నెత్తురు ఆగదు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే ముందు దానికి మందులు వాడి, పెరిగాక చేస్తారు. గుండె, ఊపిరితిత్తులు చూస్తారు. ఎదలో ఉన్నప్పుడు చేయరు, అప్పుడు గర్భసంచికి నెత్తురు ఎక్కువగా వస్తుంటుంది, ఎద అయ్యాక రెండు మూడు నెలలకు మంచిది. పాలిచ్చే తల్లి అయితే పిల్లలు పాలు మానాక. చిత్తకార్తెకు ఇంకా టైముంది కాబట్టి ముందు పరీక్షకు తీసుకుపోండి. ఆ రోజు ఆపరేషన్ ఏమీ లేదు, ఊరికే చూపించి వద్దామని చెప్తే ఆమెకూ టెన్షన్ ఉండదు.

పెన్నాగట్టు

పరీక్షకు పోయొచ్చాం. వదిన కూడా వచ్చింది. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయన్నారు, మూడు వారాలు మాత్రలు రాశారు, పిడుదులకు మందు ఇచ్చారు. డాక్టరు గారు తొందరపెట్టకుండా "ఇది తేరుకున్నాకే చేద్దాం, ముందు చేయను" అనేసరికి వదినకు ఆయన మీద నమ్మకం కుదిరింది. అన్నయ్య సాయంత్రం నన్ను పిలిచి ఆపరేషన్ తర్వాత లావైపోతుందంట కదా అని అడిగాడు. అడిగాడంటే ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా.

కనిగిరి_రైతు

మంచి మాట చెప్పావు తల్లీ. లావు సంగతికి జవాబు, తిండి కాస్త తగ్గించి తిప్పడమే. అన్నం మీద అన్నం పెడితే ఏ కుక్కైనా లావెక్కుతుంది.

కావలి_కుర్రోడు

చదువుతున్నా అందరివీ. నాదొక డౌటు. మా వీధిలో ఒకాయనకు లాబ్రడార్ జంట ఉంది, పిల్లల్ని అమ్ముతాడు. ఆయనకు పాపం పుణ్యం మాటలేం లేవు, లెక్కే. ఆడదాన్ని ప్రతి ఎదకూ కట్టిస్తున్నాడు, అది చూస్తేనే జాలేస్తుంది. ఈయనకు ఎట్టా చెప్పాలి?

ఒంగోలు_లాయర్‌పేట

ఇది వేరే కేసు తమ్ముడూ. అమ్మకానికి పెంచేవాళ్ళకు 2017 నుంచి నిబంధనలున్నాయి. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా కట్టించకూడదు, ఏడాదికి ఒక్క ఈతే, జీవితకాలంలో అయిదుకు మించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మొదటే ఇవి ఆయన ముఖాన కొట్టొద్దు. "అన్నా, రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే ఇబ్బంది వస్తుందంట, విన్నావా" అని మేలు కోరే మనిషిలా చెప్పు. ఇంకా కావాలంటే ముందు మగదానికి చేయించమను, ఖర్చు తక్కువ, ఆడదానికి విశ్రాంతి దొరుకుతుంది. అంతకీ వినకపోతే అప్పుడు పశుసంవర్థక శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పొచ్చు. ఆడకుక్క ఒళ్ళు గుల్లవుతుంటే మొహమాటానికి చూస్తూ ఊరుకోవడం కూడా సరి కాదు.

చీమకుర్తి_పశువైద్యం

మగదానికి చేయిస్తే ఒక జాగ్రత్త. ఆపరేషన్ అయిన రోజు నుంచే పిల్లలు పుట్టవని అనుకుంటారు. లోపల మిగిలిన వీర్యంతో ఇంకో నెల దాకా చూలు కట్టే వీలుంది, అందాకా ఆడదానికి దూరంగా కట్టేయాలి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతికి కీళ్ళు ఎదగాలి కాబట్టి ఏడాది దాటాక చేయించడం మంచిది, ఆయన దానికి వయసెంతో కనుక్కో.

పెన్నాగట్టు చెల్లెమ్మా, నీకు కూడా. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి తిండి పెట్టొద్దు, ఎన్ని గంటలన్నది డాక్టరు చెప్తారు. వదిన జాలిపడి పొద్దున్నే పాలు పోస్తుంది చూడు, అది మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి గిన్నెలు రాత్రే తీసేయండి. ఇంటికొచ్చాక మెడకు కోన్, అంటే నోరు కుట్లకు అందకుండా కట్టే గరాటా లాంటిది, కట్టే ఉంచండి, తీసేస్తే గంటలో కుట్లు కొరికేస్తుంది. పది పన్నెండు రోజులు స్నానం, మెట్లు, పరుగులు వద్దు. కుట్టు దగ్గర వాచినా, తడిగా కారినా, రెండో రోజు కూడా తిండి ముట్టకపోయినా ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకుండా నేరుగా తీసుకుపోండి.

పెన్నాగట్టు

అన్నీ కాగితం మీద రాసుకున్నానన్నా. కోన్ ఏ సైజు తీసుకోవాలి? దాని మెడ సన్నంగా ఉంటుంది, ముట్టె పొడుగు.

చీమకుర్తి_పశువైద్యం

మెడ చుట్టుకొలత టేపుతో కొలుచుకుని పో. కట్టాక రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. కోన్ అంచు ముట్టె కొస కన్నా కొంచెం ముందుకు రావాలి, లేదంటే నాలుక అందుతుంది.